మీ బొటనవేలి కింద ఏముండాలి?

అధ్యక్షులకు, నిర్వాహకులకు, ఇక్కడికొచ్చిన విద్యార్థులకు, వాళ్ళ వెంట వచ్చిన అమ్మానాన్నలకు, తాతయ్యలకు, అమ్మమ్మలకు నమస్కారం.

చేతిలో ఇమిడే కంప్యూటర్ గురించి మాట్లాడమన్నారు. ప్రాసెసర్లు, కెమెరాలు, మెమరీ గురించి చెప్పేవాళ్ళకు కొదవ లేదు. నేను బటన్ల గురించి, హోమ్ స్క్రీన్ మీద పెట్టుకునే షార్ట్‌కట్ల గురించి, అంటే నొక్కితే కావలసింది నేరుగా తెరిచే గుర్తుల గురించి మాత్రమే మాట్లాడతాను. డబ్బు పెట్టి కొన్న యంత్రం మనదవుతుందా, అమ్మినవాడిదిగానే ఉండిపోతుందా అన్నది అక్కడే తేలుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

కాస్త వెనక్కి వెళ్దాం. 1996 మార్చిలో అమెరికాలో పామ్ కంపెనీ పైలట్ 1000, పైలట్ 5000 అని రెండు యంత్రాలు తెచ్చింది. చొక్కా జేబులో పట్టేవి. రిమోట్‌లో వేసే సన్న బ్యాటరీలు రెండు వేస్తే వారాల తరబడి నడిచేవి. తెర అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 160 చుక్కలు. రంగులు లేవు. చిన్న మోడల్‌లో మెమరీ 128 కిలోబైట్లు. ఇవాళ మనకు వాట్సాప్‌లో వచ్చే ఫొటోల్లో చాలావాటికి ఆ చోటు చాలదు.

దాన్ని రూపొందించిన జెఫ్ హాకిన్స్, యంత్రం తయారుకాక ముందే అదే సైజులో ఒక చెక్కముక్క చేసుకుని జేబులో వేసుకుని తిరిగాడు. ఫలానా రోజు మీరు ఖాళీయేనా అని ఎవరైనా అడిగితే, చెక్కముక్క బయటికి తీసి, దాని మీద నొక్కి చూస్తున్నట్టే చేసేవాడు. ఆ చెక్క ఇప్పుడు కాలిఫోర్నియాలో, మౌంటెన్ వ్యూ ఊళ్ళో ఉన్న కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం సేకరణలో ఉంది. ఇంజనీరింగ్ పిల్లలకు నేను ముఖ్యంగా చెప్పేది ఇదే. అతను ముందు తేల్చుకున్నది లోపలి చిప్ సంగతి కాదు. జేబులోంచి తీశాక చెయ్యి ఎటు పోతుంది, వేలు ఎక్కడ పడుతుంది, ఎన్నిసార్లు నొక్కితే పని అవుతుంది, ఇవి తేల్చుకున్నాడు.

ఆ యంత్రం మీద తెర కింద నాలుగు బటన్లు ఉండేవి. నడుమ పైకీ కిందికీ జరపడానికి ఇంకో బటన్. ఎడమ నుంచి మొదటిది డేట్ బుక్, రెండోది అడ్రస్ బుక్, మూడోది టు డూ లిస్ట్, నాలుగోది మెమో ప్యాడ్. యంత్రం ఆఫ్‌లో ఉన్నా సరే, మొదటి బటన్ నొక్కితే ఆన్ అయ్యి నేరుగా ఇవాళ్టి తేదీ, ఇవాళ్టి పనులు కనిపించేవి. ముందు ఆన్ చెయ్యడం, తర్వాత మెనూ వెతకడం, ఆ తర్వాత ప్రోగ్రామ్ తెరవడం అనే మూడు మెట్లు ఒక్క నొక్కులో అయిపోయేవి. అదే బటన్ మళ్ళీ నొక్కితే వారం, ఇంకోసారి నొక్కితే నెల. అడ్రస్ బుక్ బటన్ మళ్ళీ మళ్ళీ నొక్కితే ఇంటివాళ్ళు, ఆఫీసువాళ్ళు అని మనం చేసుకున్న వర్గాలు ఒకటొకటిగా మారేవి. తర్వాతి మోడల్ పామ్ త్రీ వచ్చాక అదే బటన్ నొక్కి పట్టుకుంటే మన విజిటింగ్ కార్డు ఎదుటివాళ్ళ పామ్‌లోకి ఇన్‌ఫ్రారెడ్ ద్వారా వెళ్ళిపోయేది. ఒకే బటన్‌కు ఒకసారి నొక్కితే ఒక పని, మళ్ళీ నొక్కితే ఇంకో పని, పట్టుకుంటే మరో పని.

పామ్‌లో తెరలు గీసినవాళ్ళు ఏ పనికి ఎన్ని నొక్కులు పడుతున్నాయో లెక్కపెట్టేవాళ్ళు. డేట్ బుక్‌లో కొత్త పని రాసే 'న్యూ' బటన్ ఎప్పుడూ తెర మీదే కనిపిస్తుంది. ఉన్నదాన్ని తీసేసే 'డిలీట్' మాత్రం లోపలెక్కడో ఉంటుంది. కొత్త పనులు రోజూ రాస్తాం, తీసేసే అవసరం ఎప్పుడో గాని రాదు. ఎక్కువ చేసేది పైన, తక్కువ చేసేది లోపల. వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఇవాళ మీ బ్యాంకు యాప్ తెరిచి, మీరు ఎక్కువగా చూసుకునే బ్యాలెన్స్ ఎన్నో నొక్కుకు కనిపిస్తుందో చూడండి. అంత మామూలు సంగతిని కూడా ఎంతమంది పట్టించుకోవడం లేదో అర్థమవుతుంది.

అంత లెక్కపెట్టి డిజైన్ చేసినవాళ్ళు కూడా ఆ నాలుగు బటన్ల మీద తమ మాటే చెల్లాలని పట్టుబట్టలేదు. నాకు ఆ కంపెనీ మీద గౌరవం కలిగింది అక్కడే. ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి, పైన కుడి మూల ఉన్న జాబితాలో బటన్స్ ఎంచుకుంటే నాలుగు బటన్ల బొమ్మలు వచ్చేవి. ఒక్కోదాని పక్కన చిన్న బాణం గుర్తు. దాన్ని స్టైలస్‌తో, అంటే తెర మీద నొక్కడానికీ రాయడానికీ ఇచ్చే పుల్లతో నొక్కితే యంత్రంలో ఉన్న ప్రోగ్రాములన్నిటి పేర్లూ వచ్చేవి. కావలసినది ఎంచుకుంటే ఆ క్షణం నుంచి ఆ బటన్ దానిదే. తెర కింద అచ్చువేసి ఉన్న క్యాలిక్యులేటర్ గుర్తును కూడా ఇలాగే మార్చుకోవచ్చు. స్టైలస్‌తో రాసే చోటు నుంచి తెర పైదాకా ఒక నిలువు గీత గీస్తే ఏం జరగాలో కూడా మనమే చెప్పవచ్చు: లైటు వెలగాలా, కీబోర్డు రావాలా, యంత్రానికి తాళం పడాలా. ఆఖరికి కంప్యూటర్ పక్కన పెట్టే స్టాండు మీది బటన్ కూడా ఆ జాబితాలో ఉండేది. ఇన్ని మార్పులు చేశాక నచ్చకపోతే అదే తెర అడుగున డిఫాల్ట్ అని ఒకటి ఉండేది. నొక్కితే అన్నీ మొదట్లో ఉన్నట్టే అయిపోయేవి. వెనక్కి వచ్చే దారి కళ్ళెదురుగా ఉంటే ఎంత భయస్తుడైనా ఒకసారి మార్చి చూస్తాడు.

దీనివల్ల ఏమైంది? అమెరికాలో చాలామంది డాక్టర్లు పామ్‌లో ఎపోక్రటీస్ అనే మందుల వివరాల ప్రోగ్రామ్ వేసుకునేవాళ్ళు. పేషెంట్ మంచం పక్కన నిలబడ్డ డాక్టరుకు ఆ నిమిషంలో టు డూ లిస్ట్ దేనికి? ఈ మందుతో ఆ మందు కలిస్తే ప్రమాదమా అన్నది కావాలి. మూడో బటన్ ఆ ప్రోగ్రామ్‌కు ఇచ్చేస్తే చాలు, కళ్ళు పేషెంట్ మీద ఉండగానే వేలు దాన్ని తెరిచేస్తుంది. లెక్కలు ఎక్కువ చేసేవాడు అక్కడ స్ప్రెడ్‌షీట్ పెట్టుకుంటాడు. ప్రయాణాలు ఎక్కువున్నవాడు ఖర్చుల పుస్తకం పెట్టుకుంటాడు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ప్లాస్టిక్ డబ్బా. నాలుగు బటన్లు మార్చేసరికి అది డాక్టరు యంత్రం అయింది, అకౌంటెంట్ యంత్రం అయింది. తయారు చేసినవాడికి మన పని తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. అది మనమే చెప్పాలి, చెప్పే వీలు యంత్రంలో ఉండాలి.

పాత అచ్చాఫీసుల్లో చేత్తో కంపోజింగ్ చేసినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే ఈ సంగతి వాళ్ళకు నాకన్నా బాగా తెలుసు. సీసం అక్షరాలు గళ్ళ పెట్టెలో ఉండేవి. మాటిమాటికీ వాడే అక్షరాలు చేతికి దగ్గరగా, ఎప్పుడో వచ్చేవి దూరంగా. కంపోజిటర్ చూపు రాతప్రతి మీద ఉండేది, చెయ్యి తనంతట తానే గడిలోకి వెళ్ళేది. ఆ పెట్టెలో గళ్ళు ఎవరైనా ఒక రాత్రి మార్చేస్తే ఆయన పని మొత్తం ఆగిపోతుంది. అందుకే బటన్ల గురించి నేను చెప్పే రెండో సంగతి కూడా మొదటిదానంత ముఖ్యమైనది: ఆలోచించి మార్చుకోండి, మార్చుకున్నాక ఊరికే కదపకండి. వేలికి అలవాటు పడటానికి టైమ్ పడుతుంది. అలవాటు పడ్డాక అది మళ్ళీ అడగదు.

2000లో చేతి కంప్యూటర్లను నడిపించే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ పాకెట్ పీసీ వచ్చింది. కాంపాక్ ఐపాక్ లాంటివి దాని మీద నడిచాయి. రంగుల తెర, ఎక్కువ మెమరీ. వాటిలో ఆన్ చెయ్యగానే టుడే అనే తెర కనిపించేది. ఇవాళ్టి పనులు, చదవని మెయిల్స్, యజమాని పేరు వరసగా ఉండేవి. ఆ వరసలో ఏది ఉండాలి, ఏది పైన, ఏది కింద అన్నది సెట్టింగ్స్‌లో టిక్ పెట్టి, పైకీ కిందికీ జరిపి మనమే తేల్చుకోవచ్చు. స్టార్ట్ మెనూలో కూడా మనకు కావలసిన ప్రోగ్రాములు పెట్టుకోవచ్చు, అయితే ఏడింటికి మించి పెట్టనిచ్చేది కాదు. అప్పట్లో చాలామందికి అది నచ్చలేదు. నా మటుకు నాకు అది చాలా మంచి కట్టడి. ఏడే అన్నప్పుడు ఎనిమిదోది నిజంగా అవసరమా అని ఆలోచిస్తాం.

అందులో ఇంకో వెసులుబాటు ఉండేది, తెలిసినవాళ్ళు తక్కువ. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఒక ఫైలు మీద స్టైలస్ ఆనించి పట్టుకుని కాపీ అని, విండోస్ ఫోల్డర్‌లో ఉన్న స్టార్ట్ మెనూ ఫోల్డర్‌కు వెళ్ళి పేస్ట్ షార్ట్‌కట్ అంటే, ఆ ఒక్క ఫైలు నేరుగా మెనూలోకి వచ్చేసేది. ప్రోగ్రామ్ కాదు, ఆ ప్రోగ్రామ్‌లో మనం రోజూ తెరిచే ఆ ఒక్క ఫైలు. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోండి, ఇప్పటి ఫోన్ల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

2003లో, పామ్ సాఫ్ట్‌వేర్‌తోనే యంత్రాలు చేసే హ్యాండ్‌స్ప్రింగ్ వాళ్ళ ట్రియో 600 వచ్చేసరికి పామ్ ఫోన్ కూడా అయింది. అందులో ఫేవరెట్స్ అని ఒక ఏర్పాటు. ఒక్కో ఫేవరెట్‌కు ఒక మనిషి నంబరు ఇవ్వచ్చు, ఒక ప్రోగ్రామ్ ఇవ్వచ్చు, ఒక వెబ్ పేజీ ఇవ్వచ్చు. పైగా దానికి కీబోర్డు మీది ఒక అక్షరం కూడా కట్టబెట్టవచ్చు. ఫోన్ తెర మీద ఉండి ఆ అక్షరం నొక్కి పట్టుకుంటే కాల్ వెళ్ళిపోయేది.

అప్పటి యంత్రాల్లో ఒక పెద్ద టెన్షన్ మాత్రం ఉండేది. బ్యాటరీ పూర్తిగా అయిపోతే లోపల రాసుకున్నవన్నీ పోయేవి, బటన్ల సెట్టింగ్స్‌తో సహా. పామ్‌ను కంప్యూటర్‌తో హాట్‌సింక్ చేసినవాళ్ళకు, అంటే స్టాండులో పెట్టి అందులోవి కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నవాళ్ళకు అవి తిరిగొచ్చేవి, ఎందుకంటే ఆ ఎంపికలు సేవ్డ్ ప్రిఫరెన్సెస్ అనే ఒక ఫైలుగా బ్యాకప్‌లోకి వెళ్ళేవి. పాకెట్ పీసీ వైపు ఈ బాధ తీరింది 2005లో విండోస్ మొబైల్ 5 వచ్చాకే.

మన దేశంలో పుట్టిన సింప్యూటర్ గురించి కూడా చెప్పాలి. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రొఫెసర్లు, ఎన్‌కోర్ కంపెనీ ఇంజనీర్లు కలిసి రూపొందించిన చేతి కంప్యూటర్ అది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేది. 2004లో అమిడా సింప్యూటర్ పేరుతో అమ్మకానికి వచ్చింది, తయారుచేసింది భారత్ ఎలక్ట్రానిక్స్. వాళ్ళు వేసుకున్న ప్రశ్న పామ్‌వాళ్ళకు రానిది. ఊరంతటికీ ఒకే యంత్రం ఉంటే అది ఎవరికి అనుకూలంగా ఉండాలి? వాళ్ళ జవాబు స్మార్ట్ కార్డు. యంత్రం అందరిదీ, కార్డు ఎవరిది వాళ్ళది. కార్డు పెడితే నీ వివరాలతో నీ యంత్రం అవుతుంది, తీస్తే పక్కవాళ్ళది. అనుకున్నంతగా అమ్ముడుపోలేదు, కానీ ఆ ఆలోచన గొప్పది. ఇవాళ ఒకే ఫోను తల్లి, పిల్లలు కలిసి వాడుకునే ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్నో. ఆ ఫోను హోమ్ స్క్రీన్ ఎవరి కోసం సర్ది ఉంది? చాలా ఇళ్ళలో ఎవరి కోసమూ కాదు.

బటన్ మనది కాకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2017లో సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్8 పక్కన ఒక కొత్త బటన్ పెట్టారు, వాళ్ళ బిక్స్‌బీ అనే సహాయకుడిని పిలవడానికి. ఆ బటన్‌కు వేరే పని అప్పగించే వీలు ఫోన్‌లో ఇవ్వలేదు. వాడేవాళ్ళు ఏవో యాప్‌లతో దారి కనుక్కుంటే, అప్‌డేట్‌లో ఆ దారి మూసేశారు. 2019లో ఎస్10 వచ్చినప్పుడు గాని, వేరే యాప్ తెరవడానికి వాడుకోవచ్చని ఒప్పుకోలేదు. 1996లో 128 కిలోబైట్ల యంత్రం ఇచ్చిన హక్కు అది! దాన్ని మళ్ళీ అడిగి తెచ్చుకోవలసి వచ్చింది. ఆపిల్ 2023లో ఐఫోన్ 15 ప్రోలో యాక్షన్ బటన్ అని పెట్టి, ఏం చెయ్యాలో మీరే చెప్పండి అంది. మంచిదే. ఆటలు ఆడే పిల్లలు స్టీమ్ డెక్ అనే చేతి ఆట యంత్రం చూసే ఉంటారు. దాని వెనక నాలుగు బటన్లు ప్రత్యేకంగా ఇందుకే ఉన్నాయి, ఏ ఆటకు ఏ పని అన్నది ఆడేవాళ్ళ ఇష్టం.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్ దగ్గరికి వస్తాను. మా బంధువుల్లో ఒక పెద్దమ్మగారు ఉన్నారు. ఆవిడ కొత్త ఆండ్రాయిడ్ ఫోన్ హోమ్ స్క్రీన్ చూస్తే నాకు బాధేసింది. గేమ్‌ల ఫోల్డర్ ఒకటి, ఆవిడ ఎన్నడూ తెరవని షాపింగ్ యాప్‌లు, పైన వెతుకుడు గడి, దాని కింద వార్తలు. వాళ్ళబ్బాయికి ఫోన్ చెయ్యాలంటే ఆకుపచ్చ గుర్తు నొక్కాలి, ఇటీవలి కాల్స్ జాబితాలో వెతకాలి. జాబితా ప్రతి కాల్‌కూ మారిపోతుంది. నిన్న మూడో వరసలో ఉన్న కొడుకు ఇవాళ తొమ్మిదో వరసలో ఉంటాడు, ఆ చోట గ్యాస్ బుకింగ్ నంబరు ఉంటుంది. ఆవిడ అక్కడే నొక్కేవారు. "నాకు ఈ ఫోన్లు రావు నాయనా" అనేవారు. ఆవిడకు రాకపోవడమేమీ లేదు. ఆవిడ వేలు సరైన చోటికే వెళ్తోంది, చోటే నిలకడగా లేదు.

మేం చేసిందల్లా ఇది. హోమ్ స్క్రీన్ మీద ఉన్నవన్నీ తీసేశాం. అలా తీస్తే యాప్ పోదు, అక్కడి గుర్తు మాత్రమే పోతుంది. ఈ సంగతి తెలియక చాలామంది ముట్టుకోరు. తర్వాత ఖాళీ చోట వేలు ఆనించి పట్టుకుంటే విడ్జెట్స్ అని వస్తుంది. అందులో కాంటాక్ట్స్ కింద డైరెక్ట్ డయల్ అని ఉంటుంది. దాన్ని పట్టుకుని తెర మీదికి లాగి, మనిషిని ఎంచుకుంటే ఆ మనిషి ఫొటో అక్కడ కూర్చుంటుంది. ఫొటో నొక్కితే నేరుగా రింగ్ అవుతుంది. కొడుకు, కోడలు, చెల్లెలు, డాక్టరు, పాలబ్బాయి. ఫొటో లేనివాళ్ళకు అప్పటికప్పుడు ఫొటో తీసి పెట్టాం. ఆ పైన హోమ్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో రెండు మార్పులు: కొత్త యాప్‌లు హోమ్ స్క్రీన్ మీదికి తమంతట తాము రాకుండా ఆపడం, ఉన్నవి వేలు తగిలి జరిగిపోకుండా లేఅవుట్‌కు తాళం వెయ్యడం. ఇప్పుడు కొడుకు అడుగు వరసలో ఎడమ వైపు మొదటి గడిలో ఉంటాడు, రేపూ అక్కడే ఉంటాడు. ఆవిడ కళ్ళజోడు లేకుండానే ఫోన్ చేస్తున్నారు.

పాకెట్ పీసీలో ఆ ఒక్క ఫైలుకు షార్ట్‌కట్ పెట్టుకున్నట్టే ఇక్కడా యాప్‌కు కాకుండా యాప్ లోపలి పనికి షార్ట్‌కట్ పెట్టుకోండి. 2016లో ఆండ్రాయిడ్ 7.1 నుంచి ఈ వీలు వచ్చింది. యాప్ గుర్తు నొక్కి పట్టుకుంటే దాని లోపలి పనులు కొన్ని చిన్న జాబితాగా వస్తాయి. వాటిలో ఒకదాన్ని పట్టుకుని బయటికి లాగితే హోమ్ స్క్రీన్ మీద విడిగా నిలుస్తుంది. డబ్బు పంపే యాప్‌లలో చాలావాటికి స్కాన్ అని అక్కడే ఉంటుంది. కిరాణా కొట్టు ముందు సంచి ఒక చేత్తో, ఫోన్ ఒక చేత్తో పట్టుకుని, వెనక ఇద్దరు ఎదురుచూస్తుండగా, యాప్ తెరిచి ఆఫర్ల బొమ్మలు దాటుకుని స్కాన్ ఎక్కడుందో వెతకనక్కర్లేదు. వాట్సాప్‌లో కూడా ఇంటివాళ్ళ గ్రూపు తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, మోర్‌లో యాడ్ షార్ట్‌కట్ అంటే ఆ ఒక్క గ్రూపే తెర మీదికి వస్తుంది.

ఏవి పెట్టుకోవాలి అని అడుగుతారు. రెండు మూడు రోజులు మీ చేతిని మీరే గమనించండి. ఏ పనికి ఎన్ని నొక్కులు పడుతున్నాయి, ఏది మాటిమాటికీ చేస్తున్నారు. రోజూ చేసేవి తెర అడుగు వరసలో పెట్టండి, బొటనవేలు సుఖంగా అందేది అక్కడికే. పై మూలలు అందవు, ముఖ్యంగా పెద్ద ఫోన్లలో. మొదటి పేజీలో కొంత ఖాళీ వదలండి. పూర్తిగా నింపితే మళ్ళీ వెతుకులాటే. కళ్ళు సరిగా కనిపించనివాళ్ళు ఇంట్లో ఉంటే రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి కాసేపు పట్టుకుంటే టాక్‌బ్యాక్ మొదలయ్యేలా సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద పెట్టవచ్చు. తెర మీద ఉన్నది ఫోన్ చదివి వినిపిస్తుంది. తెర ముట్టుకోనక్కర్లేకుండా బటన్ పనికొచ్చే చోటు ఇంతకన్నా లేదు.

ఇంకో బటన్ సంగతి మాత్రం ఇష్టాయిష్టాలతో సంబంధం లేనిది. మన ప్రభుత్వం 2016లో నిబంధనలు చేసి, 2017 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే ప్రతి మొబైల్‌లో అత్యవసర బటన్ ఉండాలంది. మామూలు కీప్యాడ్ ఫోన్లలో 5 గాని 9 గాని నొక్కి పట్టుకోవాలి. స్మార్ట్ ఫోన్లలో పవర్ బటన్ వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే పనిచెయ్యాలని రాశారు. ఇప్పుడు కొన్ని మోడల్స్‌లో ఐదుసార్లు నొక్కాలి, కొన్నిటిలో ముందుగా సెట్టింగ్ ఆన్ చెయ్యాలి. సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ అని ఉంటుంది. అక్కడ ఎస్ఓఎస్, అంటే ఆపదలో సాయం పిలిచే ఏర్పాటు ఆన్‌లో ఉందో లేదో, అత్యవసర నంబరు 112 ఉందో లేదో, మీ వాళ్ళ నంబర్లు చేర్చారో లేదో చూసుకోండి. హాస్టల్లో ఉండే ఆడపిల్లలు, రాత్రి షిఫ్టులు చేసేవాళ్ళు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు తప్పకుండా చూసుకోవాలి. ఎన్నిసార్లు నొక్కాలో ఆ పేజీలోనే రాసి ఉంటుంది. అవసరం వచ్చినప్పుడు చదివే టైమ్ ఉండదు, ఇవాళే చదవాలి.

ఫోన్ మార్చేటప్పుడు ఒక చిన్న పని చెయ్యండి. పాత ఫోన్ హోమ్ స్క్రీన్ పేజీలన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. బ్యాకప్ అన్నిసార్లూ గడులను ఉన్నచోట ఉన్నట్టు తేదు, ముఖ్యంగా కంపెనీ మారితే. ఫొటో ఉంటే కాసేపట్లో మళ్ళీ సర్దుకోవచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్ మార్చినప్పుడైతే, కొత్త ఫోన్ వాళ్ళ చేతికి ఇచ్చే ముందే సర్దండి.

నా వంతు టైమ్ ఇంకా కొంచెం ఉంది. ప్రశ్నలు తర్వాత తీసుకుంటాను. ముందు అందరూ ఫోన్లు బయటికి తీయండి. ఖాళీ చోట వేలు ఆనించి పట్టుకోండి. విద్యార్థులు మూడో వరస నుంచి ముందుకు వచ్చి పెద్దవాళ్ళ పక్కన కూర్చోండి బాబూ. వాళ్ళ ఫోన్ మీ చేతిలోకి తీసుకోవద్దు, రోజూ ఎవరికి ఎక్కువ ఫోన్ చేస్తారో ముందు అడగండి. నొక్కేది వాళ్ళనే నొక్కనివ్వండి.